డీఎఫ్ ఒక లెక్క, డీయూ ఇంకో లెక్క: వర్చువల్ లినక్స్ సర్వర్లలో డిస్క్ తేడాను పట్టుకోవడం ఎలా

సర్వర్ డిస్క్ 95% నిండిందని హెచ్చరిక వస్తుంది. లోపలికి వెళ్లి ఫైళ్లన్నీ కూడితే సగం కూడా ఉండదు. లేదా గెస్టులో (వర్చువల్ సర్వర్ లోపల) 30 జీబీ డేటా చెరిపేస్తారు, హోస్టులో (దాన్ని నడిపే అసలు యంత్రంలో) మాత్రం ఒక్క బైటు కూడా తగ్గదు. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే చేసే పని, పాత లాగ్ ఫైళ్లు వెతికి చెరిపేయడం. ఆ పని ఇప్పుడే చేయకండి. కారణం తెలియకుండా చెరిపితే స్థలం రాకపోగా, ఆ కారణాన్ని చూపించే ఆధారం కూడా పోతుంది.

డిస్క్ లెక్క చెప్పే డీఎఫ్, డీయూ, ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్లలో ఏదీ అబద్ధం చెప్పదు. డీయూ ఒక్కో డైరెక్టరీలోకి దిగి, పేరున్న ఫైళ్లు ఎన్ని బ్లాకులు (డిస్క్ స్థలపు చిన్న ముక్కలు) వాడుతున్నాయో కూడుతుంది. డీఎఫ్ ఒక్క ఫైలు కూడా చూడదు. ఎన్ని బ్లాకులు ఖర్చయ్యాయో నేరుగా ఫైల్ సిస్టమ్‌నే (ఫైళ్లను డిస్క్ మీద అమర్చే వ్యవస్థనే) అడుగుతుంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కే వర్చువల్ డిస్క్ మొత్తం పరిమాణం చెబుతుంది. ఆ డిస్క్ కోసం నిజంగా ఎంత స్థలం పోయిందో హోస్టుకు మాత్రమే తెలుసు. అంటే ఫైళ్లు, ఫైల్ సిస్టమ్, వర్చువల్ డిస్క్, హోస్టు స్టోరేజీ అనే నాలుగు పొరలు ఉన్నాయి. తేడా ఏ రెండు పొరల మధ్య ఉంది, ఏది ఎక్కువ చూపిస్తోంది అన్నది తేలితే అనుమానితుల జాబితా రెండు మూడుకు తగ్గిపోతుంది.

కింద కమాండ్లను తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ మాట చెబుతాను. మిగతావన్నీ చిన్న అక్షరాలే.

1. ముందు అంకెలన్నీ ఒకేసారి తీసుకోండి

గెస్టులో రూట్ (నిర్వాహకుడి) అధికారంతో ఈ నాలుగూ నడపండి:

డీఎఫ్ -హెచ్ --ప్రింట్-టైప్
డీఎఫ్ -ఐ
డీయూ -ఎక్స్‌ఎస్‌హెచ్ /
ఎల్‌ఎస్‌బీఎల్‌కే

మూడో కమాండులో -ఎక్స్ ఆప్షన్ చాలా ముఖ్యం. అది లేకపోతే డీయూ ఇతర మౌంట్లలోకీ (అదే డైరెక్టరీ చెట్టుకు తగిలించిన వేరే డిస్కుల్లోకీ), నెట్‌వర్క్ డ్రైవుల్లోకీ వెళ్లి అన్నింటినీ కలిపి కూడుతుంది. అప్పుడు మీరు పోల్చేది రెండు వేర్వేరు వస్తువులను. /హోమ్, /వార్ వేరే విభజనల్లో ఉంటే ఒక్కోదానికీ విడిగా డీయూ నడిపి, డీఎఫ్‌లో దానికి సంబంధించిన వరుసతోనే పోల్చండి. రూట్ అధికారం లేకుండా నడిపిన డీయూను నమ్మవద్దు. అనుమతి లేని డైరెక్టరీలను అది వదిలేస్తుంది. ఆ హెచ్చరికలను ఎవరైనా దారి మళ్లించి దాచి ఉంటే, లెక్క తక్కువగా ఎందుకు వచ్చిందో ఎప్పటికీ అర్థం కాదు.

హోస్టు మీ చేతిలో ఉంటే అక్కడి అంకె కూడా అదే సమయంలో తీసుకోండి. వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ అయితే 'వర్ష్ డామ్‌బీఎల్‌కేఇన్ఫో' కమాండుకు మెషీన్ పేరు, డిస్క్ పేరు ఇస్తే మూడు అంకెలు వస్తాయి: గెస్టుకు చూపిస్తున్న పరిమాణం, హోస్టులో నిజంగా కేటాయించిన స్థలం, ఇమేజ్ (వర్చువల్ డిస్క్‌ను దాచిన ఫైలు) భౌతిక పరిమాణం. ఇమేజ్ క్యూకౌ2 రకం ఫైలైతే 'క్యూఎము-ఇమ్‌జీ ఇన్ఫో --ఫోర్స్-షేర్' సరిపోతుంది. మెషీన్ నడుస్తున్నప్పుడు ఇమేజ్‌కు తాళం ఉంటుంది కాబట్టి ఆ ఆప్షన్ కావాలి.

ఈ అంకెలను ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ప్రతి అడుగు తర్వాత ఏది మారిందో చూడటానికి ఇవే కొలబద్ద.

2. చిన్న తేడాలను పక్కకు తీసేయండి

కొన్ని తేడాలు జబ్బులు కావు. డిస్క్ అమ్మేవారు, చాలా కంట్రోల్ ప్యానెళ్లు 1 జీబీ అంటే 1000 మెట్లలో లెక్కిస్తాయి; డీఎఫ్ -హెచ్ 1024 మెట్లలో లెక్కిస్తుంది. ప్యానెల్‌లో 100 జీబీ అని రాసి ఉన్నది డీఎఫ్ లెక్కలో సుమారు 93 అవుతుంది. 1 టీబీ దాదాపు 931 అవుతుంది. అనుమానం ఉంటే -హెచ్ బదులు పెద్ద అక్షరం హెచ్ వాడి చూడండి, అది 1000 మెట్ల లెక్క చూపిస్తుంది. పైగా -హెచ్ ఎప్పుడూ పైకి సవరించి చూపిస్తుంది, కాబట్టి ఒకటి రెండు అంకెల తేడా కోసం గంటలు వెచ్చించవద్దు.

ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ తన ఐనోడ్ (ఒక్కో ఫైలు వివరాలు దాచే నమోదు) పట్టికలకు, జర్నల్‌కు (మార్పుల చిట్టాకు) పోయిన స్థలాన్ని మొత్తంలోంచే తీసేసి చూపిస్తుంది. సాధారణ అమరికలో ప్రతి 16,384 బైట్లకు 256 బైట్ల ఐనోడ్ ఒకటి ఉంటుంది. అంటే డిస్క్‌లో 64వ వంతు, సుమారు 1.6%, ఐనోడ్ పట్టికలకే వెళ్తుంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూపే పరిమాణం కన్నా డీఎఫ్ చూపే మొత్తం కాస్త తక్కువగా ఉండటానికి కారణం ఇదే.

వీటన్నింటికన్నా ఎక్కువగా కంగారు పెట్టేది రిజర్వు. ఈఎక్స్‌టీ4 తయారైనప్పుడు 5% బ్లాకులను రూట్ వినియోగదారు కోసం పక్కన పెడుతుంది. అందుకే డీఎఫ్‌లో వాడినది, మిగిలినది కూడితే మొత్తం రాదు. 2 టీబీ డేటా డిస్క్‌లో ఆ 5% అంటే 100 జీబీ! డీఎఫ్ చూపే శాతం కూడా వాడినదాన్ని మొత్తంతో భాగించి వచ్చింది కాదు. వాడినది, సాధారణ వినియోగదారుకు మిగిలినది, ఈ రెండింటి మొత్తంతో భాగించినది. 100% అని కనిపిస్తున్నా రూట్ ప్రాసెస్‌లు ఇంకా రాస్తూనే ఉండటం అందుకే. రిజర్వు ఎంతో చూడటానికి 'ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎల్', తగ్గించడానికి:

ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎమ్ 1 /డెవ్/వీడీబీ1

ఇది మౌంట్ అయి ఉన్నప్పుడే చేయవచ్చు. డేటా డిస్క్‌కు 1% చాలు. రూట్ ఫైల్ సిస్టమ్‌కు మాత్రం సున్నా చేయవద్దు. డిస్క్ నిండిన రోజున లోపలికి వెళ్లి సరిచేయడానికి మీకు మిగిలే దారి ఆ రిజర్వే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌లో రూట్ కోసం ఇలా 5% పక్కన పెట్టే పద్ధతి లేదు, అక్కడ దీని కోసం వెతకనవసరం లేదు.

3. డీఎఫ్ ఎక్కువ, డీయూ తక్కువ: చెరిపినా చావని ఫైళ్లు

ఎక్కువసార్లు ఎదురయ్యేది ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. లినక్స్‌లో ఫైలు చెరపడం అంటే దాని పేరు తీసేయడం మాత్రమే. ఏదైనా ప్రాసెస్ దాన్ని తెరిచి పట్టుకుని ఉంటే బ్లాకులు అలాగే ఉంటాయి. పేరు లేదు కాబట్టి డీయూకు కనిపించదు. బ్లాకులు ఖర్చయ్యే ఉన్నాయి కాబట్టి డీఎఫ్ లెక్కలో ఉంటుంది. ఎవరో 20 జీబీ లాగ్ ఫైలును ఆర్‌ఎమ్‌తో తీసేశారు, సర్వీసును మళ్లీ ప్రారంభించలేదు. అంతే కథ.

వెతకడానికి:

ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1

ఇక్కడ ఎల్ పెద్ద అక్షరం. లింకుల సంఖ్య ఒకటి కన్నా తక్కువ ఉన్న, అంటే పేరు పోయిన ఫైళ్లన్నీ వస్తాయి. ఆ జాబితాలోని ప్రతిదీ మీ డిస్క్‌ను తింటోందని అనుకోకండి. మెమ్‌ఎఫ్‌డీ అని, /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్ అని మొదలయ్యేవి మెమరీలో ఉన్నవి. డివైస్ వరుసలో మీ ఫైల్ సిస్టమ్ నంబరు ఉన్నవాటినే లెక్కించండి. ఎల్‌ఎస్‌ఓఎఫ్ లేని చిన్న సర్వర్లో /ప్రాక్ కింద ప్రతి ప్రాసెస్ ఎఫ్‌డీ డైరెక్టరీలో 'ఎల్‌ఎస్ -ఎల్' నడిపి, చివర 'డిలీటెడ్' అని ఉన్న వరుసలు చూసినా అదే సమాచారం దొరుకుతుంది.

దొరికాక సరైన మందు ఆ సర్వీసును మళ్లీ ప్రారంభించడం, లేదా లాగ్ ఫైలును కొత్తగా తెరవమని దానికి సిగ్నల్ పంపడం. ఇప్పుడు ఆపడానికి వీల్లేని సర్వీసు అయితే, తెరిచి ఉన్న ఆ ఫైలునే ఖాళీ చేయవచ్చు. ప్రాసెస్ సంఖ్య 4321, ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకు ఆ ప్రాసెస్‌లో ఉండే సంఖ్య) 7 అనుకుంటే:

ట్రంకేట్ -ఎస్ 0 /ప్రాక్/4321/ఎఫ్‌డీ/7

లాగ్ ఫైలుకైతే ఇది పరవాలేదు. డేటాబేస్ ఫైలుకు ఎప్పుడూ చేయవద్దు. మైఎస్‌క్యూఎల్ వంటివి తాత్కాలిక ఫైళ్లను సృష్టించి, కావాలనే వెంటనే పేరు తీసేసి వాడుకుంటాయి. వాటిని ఖాళీ చేస్తే నడుస్తున్న క్వెరీల కాళ్ల కింద నేల లాగేసినట్టే.

ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో ఏమీ లేకపోయినా తేడా అలాగే ఉంటే 'లోసెటప్ -ఏ' చూడండి. చెరిపేసిన ఇమేజ్ ఫైలును లూప్ డివైస్ (ఫైలును డిస్క్‌లా చూపించేది) ఇంకా పట్టుకుని ఉండవచ్చు. పట్టుకున్నది కర్నెల్, ప్రాసెస్ కాదు. అందుకే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కు దొరకదు. ఈ కమాండు జవాబులో ఆ ఫైలు పక్కన 'డిలీటెడ్' అని ఉంటుంది.

మళ్లీ ఇలా జరగకుండా చూడాలంటే తప్పు సాధారణంగా పాత లాగ్ ఫైళ్లను పక్కకు మార్చే లాగ్‌రొటేట్ అమరికలో ఉంటుంది. ఫైలు పేరు మార్చిన తర్వాత సర్వీసుకు సిగ్నల్ పంపే పోస్ట్‌రొటేట్ భాగం లేకపోవడమో, అది విఫలమవడమో జరుగుతుంది. సిగ్నల్ అందుకోలేని ప్రోగ్రాములకు కాపీట్రంకేట్ ఆప్షన్ ఉంది. నకలు తీసే క్షణానికీ ఖాళీ చేసే క్షణానికీ మధ్య వచ్చిన కొన్ని వరుసలు పోవచ్చు, అది తెలిసే వాడండి. ఇంకో మెలిక: ఆ ప్రోగ్రాము లాగ్‌ను చివర చేర్చే పద్ధతిలో తెరవకపోతే, ఖాళీ చేశాక కూడా పాత స్థానం నుంచే రాస్తుంది. అప్పుడు 'ఎల్‌ఎస్'లో ఫైలు 20 జీబీ అనీ, డీయూలో కొన్ని ఎంబీలే అనీ కనిపిస్తుంది. మధ్యలో ఉన్నదంతా బోలు, అంటే డిస్క్ మీద బ్లాకులు లేని భాగం.

4. మౌంట్ కింద దాగినవి

బ్యాకప్ స్క్రిప్టు ప్రతి రాత్రి /బ్యాకప్‌లోకి రాస్తుంది. ఒక రాత్రి నెట్‌వర్క్ డ్రైవు మౌంట్ కాలేదు. స్క్రిప్టు అది గమనించకుండా రూట్ డిస్క్ మీదే 40 జీబీ రాసేసింది. పొద్దున డ్రైవు మళ్లీ మౌంట్ అయింది. రాసినదంతా దాని కింద మునిగిపోయింది. ఇక డీయూ ఎంత వెతికినా కనపడదు, డీఎఫ్ మాత్రం లెక్కిస్తూనే ఉంటుంది.

డ్రైవును విప్పకుండానే కింద చూసే మార్గం ఉంది:

ఎమ్‌కేడిర్ /ఎమ్‌ఎన్‌టీ/అడుగు
మౌంట్ --బైండ్ / /ఎమ్‌ఎన్‌టీ/అడుగు
డీయూ -ఎక్స్‌హెచ్ --మాక్స్-డెప్త్=2 /ఎమ్‌ఎన్‌టీ/అడుగు | సార్ట్ -హెచ్

డైరెక్టరీకి 'అడుగు' బదులు మీకు నచ్చిన పేరు పెట్టుకోండి. బైండ్ మౌంట్ రూట్ ఫైల్ సిస్టమ్‌ను మాత్రమే చూపిస్తుంది, దాని మీద ఎక్కిన ఇతర మౌంట్లను చూపించదు. కాబట్టి కింద దాగినదంతా బయటపడుతుంది. పని అయ్యాక అన్‌మౌంట్ చేయడం మరవకండి. ఆ డైరెక్టరీలో ఆర్‌ఎమ్ నడిపేటప్పుడు రెండుసార్లు చూసుకోండి, అది మీ అసలు రూట్ డిస్కే.

దీనికి శాశ్వత మందు చౌకైనదే. డ్రైవు మౌంట్ కాని సమయంలో ఆ ఖాళీ డైరెక్టరీ మీద 'సీహెచ్‌అట్టర్ +ఐ' నడిపితే, మౌంట్ లేనప్పుడు రూట్ కూడా అందులో రాయలేదు. స్క్రిప్టు మొదట్లో 'మౌంట్‌పాయింట్ -క్యూ' తనిఖీ పెట్టడం ఇంకా మర్యాదైన పద్ధతి. రెండూ చేయండి.

5. స్థలం ఉంది, అయినా రాయడం లేదు

డిస్క్‌లో స్థలం లేదన్న దోషం వస్తోంది, డీఎఫ్ మాత్రం 40% ఖాళీ అంటోంది. 'డీఎఫ్ -ఐ' చూడండి. ఐనోడ్లు 100% అయితే జవాబు దొరికినట్టే. ఈఎక్స్‌టీ4లో ఐనోడ్ల సంఖ్య తయారీ సమయంలోనే నిర్ణయమవుతుంది, తర్వాత విడిగా పెంచలేరు. లక్షల చిన్న ఫైళ్లు ఎక్కడ పోగయ్యాయో 'డీయూ -ఎక్స్ --ఐనోడ్స్' చెబుతుంది. సెషన్ ఫైళ్లు, పంపని మెయిళ్లు, కాష్ డైరెక్టరీలు పాత నేరస్థులు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఐనోడ్లను అవసరాన్ని బట్టి సృష్టించుకుంటుంది కాబట్టి అక్కడ ఇది అరుదు.

6. డీయూ ఎక్కువ, డీఎఫ్ తక్కువ

ఇది తక్కువసార్లు వస్తుంది కానీ వచ్చినప్పుడు తల తిరుగుతుంది. ముందు -ఎక్స్ ఉందో లేదో చూడండి. డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లనే వేరు గదుల్లో నడిపేది) నడిచే యంత్రంలో -ఎక్స్ లేకుండా డీయూ నడిపితే కంటైనర్ ఫైళ్లు ఉండే ఓవర్‌లే పొరలను ఒకసారి, వాటిని కలిపి చూపే 'మర్జ్‌డ్' డైరెక్టరీని మరోసారి లెక్కిస్తుంది. ఒకే డేటా రెండుసార్లు. డాకర్ స్థలం తెలుసుకోవడానికి డీయూ సరైన సాధనం కాదు. 'డాకర్ సిస్టమ్ డీఎఫ్' అడగండి.

తర్వాత రీఫ్లింకులు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో ఒక ఫైలుకు నకలు తీస్తే రెండూ ఒకే బ్లాకులను పంచుకోవచ్చు. డీయూ రెండింటినీ పూర్తిగా లెక్కిస్తుంది, డీఎఫ్ ఒక్కసారే. హార్డ్ లింకుల (ఒకే ఫైలుకు ఉన్న వేర్వేరు పేర్ల) విషయంలో డీయూ తెలివైనదే, ఒకే పరుగులో ఒక్కసారే లెక్కిస్తుంది. రెండు డైరెక్టరీలకు విడివిడిగా డీయూ నడిపి మీరే కూడితే మాత్రం రెండుసార్లు పడుతుంది. హార్డ్ లింకులతో బ్యాకప్ తీసేవారు ఇక్కడే తికమకపడతారు.

బోలు ఫైళ్ల విషయంలో పొరపాటు 'ఎల్‌ఎస్' వల్ల వస్తుంది. 'ఎల్‌ఎస్ -ఎల్' ఫైలు పొడవు చెబుతుంది, డీయూ నిజంగా వాడిన బ్లాకులు చెబుతుంది. 100 జీబీ వర్చువల్ డిస్క్ ఇమేజ్ 12 జీబీయే వాడుతూ ఉండవచ్చు. రెండూ చూడాలంటే డీయూకు '--అపరెంట్-సైజ్' ఆప్షన్ ఇచ్చి ఒకసారి, ఇవ్వకుండా ఒకసారి నడపండి. ఇలాంటి ఫైలును ఆ సంగతి పట్టించుకోని సాధనంతో ఇంకో చోటికి పంపితే, బోలు భాగమంతా అక్కడ సున్నాలుగా నిండి 100 జీబీ అవుతుంది. ఆర్‌సింక్‌కు '--స్పార్స్' ఇవ్వడం అందుకే.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ మీద ఈ డీఎఫ్, డీయూ పోలికే పెట్టుకోవద్దు. స్నాప్‌షాట్లు (ఒక క్షణంలోని డిస్క్ స్థితిని దాచినవి), కుదింపు, పంచుకున్న బ్లాకులు కలిసి ఆ అంకెలకు అర్థం లేకుండా చేస్తాయి. 'బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్ /', 'జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్ -ఓ స్పేస్' అడగండి. రెండోది స్నాప్‌షాట్లు తిన్నదాన్ని వేరే వరుసలో చూపిస్తుంది. చెరిపిన ఫైళ్ల స్థలం చాలాసార్లు అక్కడే కూర్చుని ఉంటుంది.

7. డిస్క్ పెంచారు, గెస్టుకు తెలియలేదు

ప్యానెల్‌లో 40 జీబీని 100 చేశారు, డీఎఫ్ ఇంకా 40 అంటోంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూస్తే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. డిస్కే 40 అని ఉంటే కర్నెల్‌కు వార్త అందలేదు. స్కాజీ రకం డిస్కులకు ఇది మామూలే:

ఎకో 1 > /సిస్/క్లాస్/బ్లాక్/ఎస్‌డీఏ/డివైస్/రీస్కాన్

డిస్క్ 100, విభజన 40 అయితే 'గ్రోపార్ట్ /డెవ్/ఎస్‌డీఏ 1'. డిస్క్ పేరుకూ విభజన సంఖ్యకూ మధ్య ఖాళీ ఉండాలి. ఎల్‌వీఎం (డిస్క్ స్థలాన్ని వాల్యూమ్‌లుగా పంచే పొర) ఉంటే 'పీవీరీసైజ్', ఆ తర్వాత 'ఎల్‌వీఎక్స్‌టెండ్ -ఆర్'. ఆ -ఆర్ ఫైల్ సిస్టమ్‌ను కూడా పెంచేస్తుంది. ఎల్‌వీఎం లేకపోతే ఈఎక్స్‌టీ4కు రీసైజ్2ఎఫ్‌ఎస్ కమాండుకు డివైస్ పేరు, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఎక్స్‌ఎఫ్‌ఎస్_గ్రోఎఫ్‌ఎస్ కమాండుకు మౌంట్ చోటు ఇవ్వాలి. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్‌లో ఎల్‌వీఎం ఎంచుకుంటే వాల్యూమ్ గ్రూపులో కొంత స్థలాన్ని కేటాయించకుండా వదిలేస్తుంది. మొదటి రోజు నుంచే డిస్క్ తక్కువగా కనిపిస్తుంటే 'వీజీఎస్' నడిపి మిగులు వరుస చూడండి. ఏ పరిమాణ మార్పుకైనా ముందు బ్యాకప్ తీయాలని వేరే చెప్పాలా?

8. గెస్టులో ఖాళీ, హోస్టులో నిండుగా

వర్చువల్ సర్వర్లకే ప్రత్యేకమైన చిక్కు ఇది. హోస్టు డిస్క్‌ను థిన్ పద్ధతిలో ఇస్తే గెస్టు రాసేకొద్దీ స్థలం కేటాయిస్తుంది. గెస్టు ఫైలు చెరిపినప్పుడు తన ఫైల్ సిస్టమ్ పట్టికలో మాత్రమే ఆ బ్లాకులు ఖాళీ అని రాసుకుంటుంది. ఆ సంగతి హోస్టుకు ఎవరూ చెప్పరు. అందువల్ల హోస్టు లెక్క పెరుగుతూనే పోతుంది, తగ్గదు. గెస్టులో కూర్చుని ఫైళ్లు చెరిపి హోస్టులో స్థలం కోసం ఎదురుచూస్తే ఎంతకాలమైనా రాదు.

ఆ కబురు చేరవేసేది డిస్కార్డ్. గెస్టులో ముందు ఇది చూడండి:

ఎల్‌ఎస్‌బీఎల్‌కే --డిస్కార్డ్

గరిష్ఠ పరిమాణం వరుసలో సున్నాలు ఉంటే కబురు వెళ్లే దారి మూసుకుని ఉంది. హోస్టు అమరికలో ఆ డిస్క్‌కు డిస్కార్డ్ విలువను 'అన్‌మ్యాప్' చేయాలి. లిబ్‌వర్ట్‌లో డ్రైవర్ వరుసలో రాస్తారు, ప్రాక్స్‌మాక్స్‌లో డిస్క్ అమరికల్లో డిస్కార్డ్ గడి ఉంది. వర్చువల్ డిస్క్ రకాల్లో వర్టియో-స్కాజీ చాలాకాలంగా దీన్ని మోస్తోంది. వర్టియో-బ్లాక్‌కు క్యూఎము (మెషీన్‌ను నడిపే హోస్టు ప్రోగ్రాము) 4.0, లినక్స్ కర్నెల్ 5.0 నుంచే వచ్చింది. అమరిక మార్చాక గెస్టును లోపలి నుంచి రీబూట్ చేస్తే చాలదు. పూర్తిగా ఆపి, హోస్టు నుంచి మళ్లీ ప్రారంభించాలి. అప్పుడే కొత్త క్యూఎము ప్రాసెస్ పుడుతుంది.

ఇక గెస్టులో:

ఎఫ్‌ఎస్‌ట్రిమ్ -ఏవీ

ఎంత విడిపించిందో అది చెబుతుంది. వెంటనే హోస్టులో మళ్లీ కొలవండి. ఈఎక్స్‌టీ4 మీద రెండోసారి నడిపితే దాదాపు సున్నా వస్తుంది. ఇప్పటికే ట్రిమ్ చేసిన భాగాలను అది గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి దాన్ని వైఫల్యం అనుకోకండి. రోజువారీ అవసరానికి 'ఎఫ్‌ఎస్‌ట్రిమ్.టైమర్'ను ఆన్ చేస్తే వారానికోసారి తానే చేస్తుంది. ఫైల్ సిస్టమ్‌ను డిస్కార్డ్ ఆప్షన్‌తో మౌంట్ చేసి ప్రతి చెరిపివేతకూ కబురు పంపించడం కన్నా ఈ వారపు పద్ధతే నాకు నచ్చుతుంది.

మధ్యలో డిస్క్‌ను గుప్తీకరించే లక్స్ ఎన్‌క్రిప్షన్ ఉంటే అది డిస్కార్డ్‌ను మామూలుగా ఆపేస్తుంది. క్రిప్ట్‌టాబ్ అనే అమరికల ఫైల్లో ప్రత్యేకంగా అనుమతించాలి. ఏ బ్లాకులు ఖాళీయో బయటివారికి తెలుస్తుందన్నది అందుకు చెల్లించే మూల్యం. ఎల్‌వీఎం కబురును కిందికి పంపుతుంది, దాని అమరికల ఫైల్లోని 'ఇష్యూ_డిస్కార్డ్స్' వాల్యూమ్‌ను తీసేసేటప్పుడు, తగ్గించేటప్పుడు మాత్రమే పనికొస్తుంది. ఎఫ్‌ఎస్‌ట్రిమ్ పని చేయడానికి దాన్ని మార్చనవసరం లేదు.

ఇప్పటికీ వినిపించే పాత సలహా ఒకటుంది: గెస్టు ఖాళీ స్థలమంతా డీడీతో సున్నాలు నింపి, ఆ ఫైలు చెరిపి, ఇమేజ్‌ను కుదించండి అని. డిస్కార్డ్ లేని చోట అది పని చేస్తుంది. అయితే ఆ సున్నాలు రాస్తున్నంతసేపూ థిన్ డిస్క్ పూర్తి పరిమాణానికి ఉబ్బవచ్చు. హోస్టులో స్థలం లేదనే కదా ఈ పని మొదలుపెట్టింది! అప్పటికే 90% నిండిన పూల్ (మెషీన్లన్నీ పంచుకునే హోస్టు స్టోరేజీ) మీద ఇలా చేస్తే, దాని మీదున్న మెషీన్లన్నీ ఆగిపోవచ్చు.

స్నాప్‌షాట్లను మరవద్దు. క్యూకౌ2 లోపలి స్నాప్‌షాట్లు 'క్యూఎము-ఇమ్‌జీ స్నాప్‌షాట్ -ఎల్'లో కనిపిస్తాయి. అవి ఉన్నంతకాలం గెస్టు ఎంత ట్రిమ్ చేసినా పాత బ్లాకులు వదలవు. బయటి స్నాప్‌షాట్లైతే ఒకే డిస్క్‌కు ఫైళ్ల గొలుసు ఏర్పడుతుంది. 'వర్ష్ డామ్‌బీఎల్‌కేలిస్ట్' ప్రస్తుతం వాడుతున్న చివరి ఫైలునే చూపిస్తుంది, వెనకున్నవన్నీ కూడా కావలసినవే. పాతగా కనిపించిందని గొలుసులోంచి ఒక ఫైలును చేత్తో చెరిపితే డిస్క్ మొత్తం పోతుంది. విలీనానికి 'బ్లాక్‌కమిట్' ఉంది.

9. గెస్టు బాగుందంటుంది, కానీ రాయలేకపోతోంది

పై చిక్కుకు ప్రమాదకరమైన రూపం ఇది. హోస్టు పూల్ పూర్తిగా నిండింది. గెస్టు డీఎఫ్ మాత్రం 60% ఖాళీ అని నిశ్చింతగా చెబుతోంది. క్యూఎము మామూలు అమరికలో స్థలం లేదన్న దోషం రాగానే మెషీన్‌ను నిలిపివేస్తుంది. మరికొన్ని అమరికల్లో గెస్టుకు డిస్క్ దోషాలు వెళ్లి ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమే పరిమితమవుతుంది. గెస్టు 'డీమెస్గ్'లో ఐఓ దోషాలు, హోస్టులో 'వర్ష్ డామ్‌బీఎల్‌కేఎర్రర్' చూడండి. ఎల్‌వీఎం థిన్ పూల్ అయితే 'ఎల్‌వీఎస్' చూపించే డేటా శాతం, మెటాడేటా శాతం రెండూ గమనించాలి. మెటాడేటా నిండటం డేటా నిండటం కన్నా ఘోరం, కోలుకోవడం కష్టం. ముందు పూల్‌కు స్థలం చేర్చండి, ఆ తర్వాతే మెషీన్లను మేల్కొలపండి. క్రమం తిరగబడితే అదే గోతిలో మళ్లీ పడతారు.

10. కంటైనర్లలో

డాకర్ కంటైనర్ లోపల డీఎఫ్ నడిపితే రూట్ వరుసలో కనిపించేది మామూలుగా హోస్టులో /వార్/లిబ్/డాకర్ ఉన్న ఫైల్ సిస్టమ్ లెక్క. కంటైనర్ తిన్నది 200 ఎంబీ అయినా 80% అని చూపిస్తే ఆశ్చర్యపోకండి. అక్కడ నిజంగా పెరిగేది తరచుగా లాగ్ ఫైలు. ఆ లాగ్ రాసే జేసన్-ఫైల్ డ్రైవర్‌కు మామూలు అమరికలో పరిమితి ఉండదు, 'మాక్స్-సైజ్' మీరే పెట్టాలి.

పాత ఓపెన్‌వీజెడ్ కంటైనర్లలో సిమ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉంటే డీఎఫ్ చూపేది కోటా లెక్క. హోస్టు వైపు నుంచి నేరుగా ఫైళ్లను కదిలించినా, హఠాత్తుగా ఆగిపోయినా ఆ లెక్క నిజం నుంచి జారిపోవచ్చు. కంటైనర్‌ను ఆపి 'వీజెడ్‌కోటా డ్రాప్' నడిపి మళ్లీ ప్రారంభిస్తే కొత్తగా లెక్కించుకుంటుంది. డిస్క్‌ను ఇమేజ్ ఫైలుగా దాచే ప్లూప్ వాడే కంటైనర్లలో ఇమేజ్ పెరుగుతుంది కానీ తనంతట తగ్గదు. దానికి 'వీజెడ్‌సీటీఎల్ కాంపాక్ట్' ఉంది. ఈ రెండూ హోస్టు అధికారంతోనే సాధ్యం, కాబట్టి అద్దెకు తీసుకున్న సర్వరైతే మీ డీఎఫ్, డీయూ అంకెలు జత చేసి సేవాసంస్థకు రాయండి. 'డిస్క్ తప్పు చూపిస్తోంది' అన్న ఒక్క వాక్యానికి 'చెరిపి చూడండి' అన్న జవాబే వస్తుంది.

11. ఇంకా తేడా ఉంటేనే ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్ తనిఖీ)

పైవన్నీ అయ్యాక కూడా లెక్క కుదరకపోతే ఫైల్ సిస్టమ్ సొంత లెక్కే చెడి ఉండవచ్చు, ముఖ్యంగా హోస్టు హఠాత్తుగా ఆగిపోయిన చరిత్ర ఉంటే. మెషీన్‌ను ఆపి, హోస్టులో స్నాప్‌షాట్ తీసి, రెస్క్యూ ఇమేజ్‌తో ప్రారంభించి తనిఖీ చేయండి. మౌంట్ అయి ఉన్న డిస్క్ మీద మరమ్మతు నడపవద్దు. ముందు రాయకుండా చూడండి: ఈఎక్స్‌టీ4కు 'ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్‌ఎన్', ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు 'ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్ -ఎన్'. దోషాలు నిజంగా కనిపిస్తేనే -ఎన్ తీసేసి నడపండి. ఉన్న ఫైళ్లను సరిచేసే క్రమంలో అనాథలైనవి లాస్ట్+ఫౌండ్‌లోకి చేరతాయి. కొన్నిసార్లు తప్పిపోయిన జీబీలన్నీ అక్కడే ఉంటాయి.

హెచ్చరికలు మళ్లీ ఆన్ చేసే ముందు పర్యవేక్షణ సాధనం ఏ అంకెను చూస్తోందో కూడా ఒకసారి చూడండి. ప్రొమీథియస్ నోడ్ ఎక్స్‌పోర్టర్‌లో 'ఫ్రీ' అనే కొలతలో రూట్ రిజర్వు కలిసి ఉంటుంది, 'అవైల్' అనేదానిలో ఉండదు. హెచ్చరికకు రెండోది వాడండి. ఐనోడ్లకు విడిగా ఒకటి, హోస్టు పూల్‌కు విడిగా ఒకటి పెట్టండి. పూల్ నిండుతోందన్న సంగతి గెస్టు లోపలి నుంచి ఏ సాధనానికీ కనిపించదు.